సీలింగ్ స్పీకర్లు ఎక్కడ పెట్టాలి, ఎలా బిగించాలి?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం... మన దక్షిణ ఒడిశా వైపు ఎక్కడ కొత్త ఇల్లు లేచినా హాల్లో ఫాల్స్ సీలింగ్ పడుతోంది. దాంతోపాటే ఈ ప్రశ్న కూడా వస్తోంది: "అన్నా, సీలింగ్‌లో స్పీకర్లు పెట్టిస్తున్నాం, ఎక్కడ పెట్టమంటారు?" అడిగేసరికి చాలా ఇళ్లలో మేస్త్రీ నిచ్చెన ఎక్కేసి ఉంటాడు, లైట్లకు కన్నాలు కూడా కోసేసి ఉంటాడు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్తే పని చెడుతోంది. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకేచోట రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ముందే చెప్తాను. సీలింగ్ స్పీకరు ఎక్కడ ఉండాలో చెప్పేది మీరు కూర్చునే సోఫా. గది నడిమధ్య, సీలింగ్ డిజైన్, లైట్ల వరస, ఇవేవీ లెక్కలోకి రావు. నాలుగు మూలల్లో నాలుగు గుండ్రాలు పెడితే చూడ్డానికి అందంగానే ఉంటుంది. సినిమా పెట్టాక తల మీద వాన కురుస్తున్నట్టు అనిపించదు, అంతే.

ఇవి దేనికి పనికొస్తాయి

డాల్బీ అట్మాస్ అనే శబ్ద పద్ధతి 2012లో థియేటర్లకు, 2014లో ఇళ్లకు వచ్చింది. అందులో పైనుంచి రావాల్సిన శబ్దాలు (వాన, హెలికాప్టర్, ఉరుము) వేరుగా ఉంటాయి. వాటి కోసమే సీలింగ్ స్పీకర్లు. మాటలు, పాటలు, ఫైటింగులు టీవీ పక్కనుండే ముందు స్పీకర్లలోంచే రావాలి. "ఫ్రంట్, సెంటర్ కూడా పైనే పెట్టేద్దాం, నేల మీద అడ్డం ఉండదు" అని చాలామంది అడుగుతారు. దయచేసి వద్దు. తెర మీద మనిషి మాట్లాడుతుంటే గొంతు కప్పులోంచి వస్తుంది. దాన్ని ఏ సెట్టింగూ బాగుచేయలేదు.

5.1.2 అంటే చెవి ఎత్తులో ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు, పైన రెండు. 5.1.4 అంటే పైన నాలుగు. మామూలు 7.2 ఛానెళ్ల రిసీవరు (స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్లిఫయరు పెట్టె) 5.1.2 వరకే నడుపుతుంది. పైన నాలుగు కావాలంటే తొమ్మిది ఛానెళ్లున్న రిసీవరు ఉండాలి. స్పీకర్లు కొనే ముందు మీ రిసీవరు వెనక ఎన్ని టెర్మినళ్లున్నాయో చూసుకోండి.

కావాల్సినవి

- 6.5 అంగుళాల సీలింగ్ స్పీకర్లు, 8 ఓమ్‌లవి. ట్వీటరును (సన్నటి శబ్దాలు చేసే చిన్న భాగాన్ని) వేలితో తిప్పుకునే రకం దొరికితే అదే తీసుకోండి.
- అచ్చమైన రాగి స్పీకర్ వైరు. రిసీవరు నుంచి స్పీకరు దాకా 15 మీటర్ల లోపయితే 1.5 చదరపు మిల్లీమీటర్లది చాలు, అంతకు మించితే 2.5ది.
- 20 లేదా 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, బెండ్లు.
- టేపు, దారానికి కట్టిన తూకం గుండు లేదా లేజర్ లెవెల్, పెన్సిలు, మాస్కింగ్ టేపు.
- జిప్సం కోసే సన్న మొన చేతిరంపం, స్క్రూడ్రైవరు, వైరు తొక్క తీసే ప్లయ్యరు.
- టెస్టరు, మల్టీమీటరు, ఒక 1.5 వోల్టుల సెల్లు. ఈ సెల్లు ఎందుకో తర్వాత చెప్తాను, మరిచిపోకండి.
- కళ్లద్దాలు, మాస్కు, గట్టి నిచ్చెన, కింద పట్టుకోవడానికి ఒక మనిషి.
- పీఓపీ సీలింగయితే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు. ఏ సీలింగుకైనా కొంత జీఐ (జింకు పూత ఇనుము) తీగ.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదటిది, చిన్న ఊళ్లలో "సీలింగ్ స్పీకర్" అంటే చాలా షాపులవాళ్లు గుడికీ ఆఫీసుకీ పెట్టే పీఏ స్పీకరు తీసిస్తారు. దాని వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మరు, 100 వోల్టుల లైన్ అన్న గుర్తు, 3 వాట్లు, 6 వాట్లు అని ట్యాపింగులు ఉంటాయి. అది మైకు ఆంప్లిఫయరు కోసం చేసింది, హోమ్ థియేటరుకు పనికిరాదు. డబ్బా మీద 8 ఓమ్‌లు అని ఉందో లేదో చూసి డబ్బులివ్వండి.

రెండోది వైరు. పైకి ఎర్రగా మెరిసే వైరు చాలాసార్లు రాగి పూత పూసిన అల్యూమినియం. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం, వెనక్కి ఇచ్చేయండి. పైన తెల్లగా ఉండి గీకితే లోపల ఎర్రగా వస్తే అది తగరం పూసిన రాగి, అది మంచిదే.

1. ముందు పైకప్పు సంగతి చూడండి

రాయగడ, కోరాపుట్ కొండల వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన వదలదు. తీరం వైపు బరంపురంలో అక్టోబరులో తుపాన్ల భయం ఉంటుంది. 2013లో ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. మన ఇళ్లలో సీలింగ్ స్పీకరును చంపేది ఎక్కువగా తేమే. మీ హాలు పై అంతస్తులో ఉండి, దాని మీద ఖాళీ డాబా ఉంటే ఈ మెట్టు దాటేయొద్దు.

స్లాబు అడుగున తడి మరకలు, సున్నం పొక్కులు, తెల్లటి ఉప్పు పొడి ఉన్నాయేమో చూడండి. అనుమానంగా ఉంటే అడుగున్నర చదరం పాలిథీన్ షీటు తీసుకుని నాలుగు పక్కలా టేపుతో స్లాబుకు గాలి చొరకుండా అంటించండి. ఒక రాత్రంతా ఉంచి పొద్దున్నే చూడండి. షీటుకు స్లాబు వైపు చెమ్మ పట్టిందంటే స్లాబులో నీరుంది. గది వైపు మాత్రమే పడితే అది గాలిలో తేమ. స్లాబులో నీరుంటే ముందు డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించండి, ఒక వానాకాలం గడవనివ్వండి, ఆ తర్వాతే స్పీకర్లు.

పైన సిమెంటు రేకులున్న గదిలో సీలింగ్ స్పీకర్ల మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. వేసవిలో రేకు, సీలింగ్ మధ్య వేడి నిలిచిపోతుంది. వాన పడితే రేకుల మోతలో మీ సినిమా వాన వినపడదు. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, వాటిని డ్రిల్లు చేయడం ఆరోగ్యానికి చేటు. అలాంటి గదికి గోడ మీద, కప్పుకు దగ్గరగా, కిందికి వంచి బిగించే చిన్న స్పీకర్లు మేలు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు కూడా నేను చెప్పేది ఇదే. పైకి కొట్టి కప్పు నుంచి తిప్పి పంపే అప్‌ఫైరింగ్ స్పీకర్లు కూడా ఉన్నాయి. వాటికి సమతలంగా, గట్టిగా ఉన్న కప్పు కావాలి. పెంకుటింట్లో, వాలు కప్పు కింద అవి పనిచేయవు.

2. సోఫాకు చోటు ఖాయం చేయండి

హాలు కట్టే రోజుల్లో సోఫా ఇంకా కొని ఉండరు. అయినా సరే, నేల మీద సుద్దముక్కతో గీత గీయండి. మధ్య సీటులో మీ తల ఎక్కడ వస్తుందో అక్కడ ఒక గుర్తు పెట్టండి. ఇకనుంచి ప్రతి కొలతా ఈ గుర్తు నుంచే.

సోఫాను వెనక గోడకు ఆనించి వేయడం మన ఇళ్లలో అలవాటు. వీలైతే రెండు మూడు అడుగులు ముందుకు జరపండి. గోడకు తల ఆనితే బేస్ బరువుగా మోగుతుంది, వెనక స్పీకర్లు చెవి పక్కనే అరుస్తాయి. జరపడం కుదరకపోతే పైన రెండు స్పీకర్లతో సరిపెట్టుకోండి. నాలుగు పెట్టడానికి వెనక జాగా ఉండదు.

3. కొలత వేయండి

కుర్చీలో మామూలుగా కూర్చోండి, నిటారుగా బిగుసుకుని కాదు. నేల నుంచి మీ చెవికి ఎంత ఎత్తుందో ఎవరితోనైనా కొలిపించండి. నేల నుంచి ఫాల్స్ సీలింగు దాకా కొలవండి. రెండో కొలతలోంచి మొదటిది తీసేయండి. మీకు కావాల్సిన అంకె అదే.

ఉదాహరణకు సీలింగు 9 అడుగుల 3 అంగుళాలు, చెవి 3 అడుగుల 3 అంగుళాలు అనుకుందాం. తేడా 6 అడుగులు.

పైన నాలుగు స్పీకర్లయితే: తల గుర్తు నుంచి 6 అడుగులు ముందుకు ఒక జత, 6 అడుగులు వెనక్కి ఒక జత. అప్పుడు కోణం 45 డిగ్రీలు వస్తుంది. లెక్కలు చేయనక్కర్లేదు, ఎత్తు తేడా ఎంతో దూరమూ అంతే. ముందు జతకు 30 నుంచి 55 డిగ్రీల వరకు డాల్బీ ఒప్పుకుంటుంది. కాబట్టి మన ఉదాహరణలో దూలమో ఫ్యానో అడ్డొస్తే ముందు జతను తలకు 4 అడుగుల 3 అంగుళాల దాకా దగ్గరకు తేవచ్చు. వెనక జతకూ ఇదే హద్దు. తల వెనక గోడ దాకా ఉన్నదే మూడడుగులయితే వెనక జత సంగతి మరిచిపోండి.

పైన రెండే అయితే: తల గుర్తుకు కాస్త ముందు, మన ఉదాహరణలో ఒక అడుగు ముందు. సరిగ్గా నడినెత్తిన పెట్టినా తప్పు కాదు. చెవికి మాత్రం కొంచెం ముందున్నదే బాగుంటుంది.

కుడి ఎడమల దూరం టీవీ పక్కనున్న రెండు స్పీకర్ల మధ్య ఎంత ఉందో దాదాపు అంతే. పక్క గోడకు కనీసం రెండడుగులు వదలండి. పదడుగుల వెడల్పున్న గదిలో పైన రెండిటి మధ్య ఆరడుగులు మించకుండా చూసుకోవడం మంచిది.

నేల మీద గుర్తులు పెట్టాక వాటిని సీలింగుకు ఎక్కించండి. లేజరుంటే ఒక్క నిమిషం పని. లేకపోతే దారం గుండును కప్పు నుంచి వేలాడదీసి, గుండు మొన నేల మీది గుర్తును తాకేలా జరిపి, పైన పెన్సిలుతో చుక్క పెట్టండి. చుక్క పక్కన ఎల్, ఆర్ అని రాసి, ముందుదో వెనకదో కూడా రాయండి. మన దగ్గర సీలింగు పనివాళ్లు చాలామంది ఒడియా మాట్లాడతారు, మీ ఒడియా అంతంతమాత్రమయితే నోటితో చెప్పిన కొలత తారుమారవుతుంది. గది బొమ్మ కాగితం మీద గీసి, అంకెలు వేసి, మేస్త్రీకి ఒక కాపీ ఇవ్వండి. మీ ఫోన్లో ఒక ఫొటో ఉంచుకోండి.

4. అడ్డంకులు తప్పించండి

ఫ్యాను. ఇది మన ఇళ్లకే ఉన్న సమస్య, విదేశీ వీడియోల్లో కనిపించదు. స్పీకరుకూ మీ చెవికీ మధ్య తిరిగే రెక్క వస్తే శబ్దం వణుకుతుంది, ఏదో నీళ్లలోంచి వింటున్నట్టుంటుంది. 48 అంగుళాల ఫ్యానుకు మధ్య నుంచి రెక్క చివరకు రెండడుగులు. ఆ చివర నుంచి ఇంకో రెండడుగులు వదలండి. అంటే ఫ్యాను మధ్య నుంచి స్పీకరు మధ్యకు నాలుగడుగులు. అలా కుదరకపోతే సినిమా చూసే గదిలో గోడ ఫ్యాను పెట్టుకోండి. స్పీకరును మాత్రం ఫ్యాను కిందకు తోయకండి.

జీఐ ఛానెళ్లు. జిప్సం సీలింగులో బోర్డును పట్టుకునే ఇనుప పట్టీలు ఇవే, సెక్షన్లనీ అంటారు. ఇవి మామూలుగా 457 మిల్లీమీటర్ల దూరంలో, అంటే ఒకటిన్నర అడుగుకు ఒకటి ఉంటాయి. స్పీకరు కన్నం రెండు సెక్షన్ల మధ్య పడాలి. పని జరుగుతున్నప్పుడే మేస్త్రీకి చుక్క చూపిస్తే సెక్షనును కాస్త పక్కకు జరుపుతాడు. బోర్డు వేసేశాక ఛానెలును కోయడం మాత్రం వద్దు, సీలింగు కుంగుతుంది. మూసేసిన సీలింగులో ఛానెలు ఎక్కడుందో తెలియాలంటే చిన్న అయస్కాంతాన్ని బోర్డు మీద జరపండి. స్క్రూ ఉన్నచోట అంటుకుంటుంది. ఆ వరసే ఛానెలు.

లోతు. 6.5 అంగుళాల స్పీకరుకు సుమారు నాలుగు అంగుళాల లోతు కావాలి. దాని మీద ఇంకో అంగుళమైనా ఖాళీ ఉండాలి. స్లాబుకూ సీలింగుకూ మధ్య ఆరంగుళాలుంటే హాయిగా పడుతుంది. ఏసీ డ్రైన్ పైపు మీ చుక్క మీదుగా పోతోందేమో కూడా చూడండి. ఆ పైపుకు చెమ్మ పట్టి చుక్కలు పడితే కింద స్పీకరు ఉండకూడదు.

5. సీలింగ్ మూయకముందే వైరు లాగండి

బోర్డు వేయకముందు గంటలో అయ్యే పని, వేశాక రోజంతా పడుతుంది. మీరు ఈ ఏడాది స్పీకర్లు కొనకపోయినా సరే, వైరు మాత్రం ఇప్పుడే వేసి ఉంచండి. పైన రెండే పెట్టే ఆలోచన ఉన్నా నాలుగిటికీ లాగండి.

ముందు మెయిన్ ఆపండి. ఎంసీబీ దించి, టెస్టరుతో చూసి, అప్పుడు చెయ్యి పెట్టండి.

ప్రతి స్పీకరుకూ రిసీవరు నుంచి విడి వైరు రావాలి, మధ్యలో అతుకు ఉండకూడదు. ఒక స్పీకరు నుంచి ఇంకో స్పీకరుకు గొలుసులా కలిపితే రెండూ ఒకే శబ్దం చేస్తాయి, పైగా రిసీవరు మీద భారం పెరుగుతుంది. వైరును పీవీసీ పైపులోంచే పోనివ్వండి. ఫాల్స్ సీలింగ్‌లో ఎలుకలు తిరగని ఇల్లు మన వైపు తక్కువ, అవి వైరు తొక్కను వదలవు. పైపు చివర్లు సిలికానుతో మూయండి.

కరెంటు వైర్లకూ స్పీకర్ వైర్లకూ మధ్య అడుగు దూరం ఉంచండి. దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి. రెండిటినీ ఒకే పైపులో వేయడం ప్రమాదం. లైట్ల డ్రైవర్లు, డిమ్మర్ల పక్కనుంచి కూడా పోనివ్వకండి, సన్నటి జుమ్‌మనే శబ్దం వస్తుంది.

చుక్క దగ్గర మూడడుగుల వైరు అదనంగా చుట్టి వదలండి. రెండు చివర్లా ఒకే పేరున్న చీటీ అంటించండి. వైరులో ఒక తీగకు గీతో, అచ్చు అక్షరాలో ఉంటాయి. అది ప్లస్ అని ముందే అనుకుని అన్ని చోట్లా అలాగే కలపండి. మూసేముందు ప్రతి చుక్కనూ, పక్కన టేపు పెట్టి ఫొటో తీసుకోండి.

సీలింగు అప్పటికే మూసేసి ఉంటే లైట్ల కన్నాల్లోంచి, వైర్లు లాగే స్ప్రింగుతో ప్రయత్నించండి. ఛానెళ్లకు అడ్డంగా లాగడం కష్టం, వాటికి సమాంతరంగా సులభం. అసలు దారే లేకపోతే గోడ పక్కన ఒక వరస బోర్డు విప్పించి తిరిగి వేయించడం మేలు.

6. కన్నం కోయండి

స్పీకరు డబ్బాలో గుండ్రటి అట్ట ఉంటుంది, దాని చుట్టూ గీయండి. అట్ట లేకపోతే కటౌట్ కొలత కాగితంలో ఉంటుంది. స్పీకరు బయటి అంచు చుట్టూ గీసి కోస్తే కన్నం పెద్దదై స్పీకరు జారిపోతుంది. గీశాక టేపుతో మరోసారి కొలవండి.

మధ్యలో చిన్న కన్నం పెట్టి వేలు దూర్చి చుట్టూ తడమండి. వైరు గానీ ఛానెలు గానీ తగలకపోతేనే రంపం పెట్టండి. గీతకు లోపల్నుంచే కోసి, తర్వాత కొద్దికొద్దిగా అరగదీయండి. కన్నం చిన్నదయితే పెంచుకోవచ్చు.

పీఓపీ సీలింగ్‌కు ఇంకా ఓపిక కావాలి. బాగా ఆరిందాకా ఆగండి. వానాకాలంలో పోసిన పీఓపీ ఆరడానికి చాలా రోజులు పడుతుంది, పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే అంచు పొడిపొడిగా రాలుతుంది. గీత మీద మాస్కింగ్ టేపు అంటించి దాని మీద కోయండి. స్పీకరు రెక్కలు (మర తిప్పితే సీలింగును పైనుంచి పట్టుకునేవి) నేరుగా పీఓపీని నొక్కకూడదు, పగులుతుంది. ప్లైవుడ్‌ను గాజులా గుండ్రంగా కోయించి, రెండు ముక్కలు చేసి కన్నంలోంచి లోపలికి పంపి, పైనుంచి కన్నం చుట్టూ జిగురుతో అమర్చండి. రెక్కలు దాన్ని పట్టుకుంటాయి.

7. కలిపి, బిగించండి

పైకెత్తేముందు సెల్లు పరీక్ష. రిసీవరు దగ్గర వైరు చివర్లు ఇంకా దేనికీ కలపకుండా ఉండగానే చేయాలి. పైన స్పీకరును వైరుకు కలిపి, ఒక మనిషిని దాని కోను (మోగేటప్పుడు కదిలే గరాటు లాంటి భాగం) చూడమనండి. మీరు కింద సెల్లు ప్లస్‌ను గీత ఉన్న తీగకు, మైనస్‌ను రెండో తీగకు ఒక్క క్షణం తాకించి తీసేయండి. పుట్‌మని శబ్దం వచ్చి కోను బయటికి కదలాలి. లోపలికి పోతే ప్లస్ మైనస్‌లు తిరగబడ్డాయి. వేరే స్పీకరు పుట్‌మంటే చీటీలు తారుమారయ్యాయి. ఈ ఒక్క పరీక్షతో వైరు తెగిందా, ప్లస్ మైనస్ సరిగ్గా ఉన్నాయా, ఏది ఎవరిది అన్న మూడు విషయాలూ తేలిపోతాయి.

తర్వాత మల్టీమీటరును ఓమ్‌లలో పెట్టి వైరు చివర కొలవండి. 8 ఓమ్‌ల స్పీకరుకు మీటరు ఆరు దగ్గర చూపించడం మామూలే, కంగారు పడకండి. సున్నా చూపిస్తే ఎక్కడో తీగలు తాకుతున్నాయి. ఆ స్థితిలో రిసీవరుకు కలిపితే అది ఆగిపోతుంది, కాలిపోయినా పోవచ్చు.

ఇప్పుడు స్పీకరు ఎక్కించండి. జీఐ తీగ ఒక చివర స్పీకరు చట్రానికి, రెండో చివర స్లాబులోని యాంకరుకో గట్టి ఛానెలుకో కట్టండి. రెక్కలు వదులైనా స్పీకరు పిల్లల నెత్తిన పడదు. ఈ తీగ కట్టకుండా పని ముగించనివ్వకండి. స్లాబులో యాంకరు కోసం డ్రిల్లు చేస్తే లోపల కాంక్రీటులో కరెంటు పైపులున్నాయేమో కనుక్కుని, అంగుళంన్నర లోతుకు మించకుండా చేయండి. పైన డాబా అయితే స్లాబును ముట్టుకోకుండా ఛానెలుకే కట్టండి.

మరలను చేతి స్క్రూడ్రైవరుతో బిగించండి. డ్రిల్లు మెషీనుతో బిగిస్తే రెక్క విరుగుతుంది, లేదా బోర్డు నలుగుతుంది. నాలుగు మరలనూ కొంచెం కొంచెం, ఎదురెదురుగా తిప్పుతూ పోండి. స్పీకరు అంచు బోర్డుకు చుట్టూ ఆనగానే ఆపేయండి. ట్వీటరును మధ్య సీటు వైపు తిప్పి, ఆ తర్వాత జాలీ పెట్టండి.

పైన ఇంకో కుటుంబం ఉంటే స్పీకరు వెనక డబ్బా లాంటి కవరు పెట్టించండి, లేదా చుట్టూ రాక్‌వూల్ పరిపించండి. రాక్‌వూల్‌కు చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి.

8. రిసీవరులో చెప్పాల్సినవి

వైర్లు సరైన టెర్మినళ్లలో ఉన్నాయో చూడండి. చాలా రిసీవర్లలో సరౌండ్ బ్యాక్‌కూ (వెనక స్పీకర్లకూ) హైట్‌కూ (పై స్పీకర్లకూ) ఒకే టెర్మినళ్లు ఉంటాయి. మెనూలో ఆంప్ అసైన్‌ను హైట్‌కు మార్చకపోతే పైనుంచి వెనక శబ్దాలు వస్తాయి. రెండు స్పీకర్లు తల దగ్గర ఉంటే టాప్ మిడిల్, నాలుగుంటే టాప్ ఫ్రంట్, టాప్ రియర్ అని ఎంచుకోండి.

రిసీవరుతో వచ్చిన మైకును స్టాండు మీద చెవి ఎత్తులో పెట్టి ఆటో కాలిబ్రేషన్ (స్పీకర్ల దూరం, గట్టితనం రిసీవరే కొలుచుకునే పని) నడపండి. ఫ్యాను, ఏసీ ఆపండి, కిటికీలు మూయండి, అందరినీ బయటకు పంపండి. అయిపోయాక దూరాలు చూడండి. మన ఉదాహరణలో నాలుగు స్పీకర్లయితే, పక్కకు ఉన్న దూరం కూడా కలిసి, ఒక్కోటి తొమ్మిది అడుగుల చుట్టుపక్కల చూపించాలి. టేపుతో కొలిచి పోల్చండి. సబ్‌వూఫరు దూరం అసలుకన్నా ఎక్కువ చూపిస్తే దాన్ని మార్చకండి, దాని లోపలి సర్క్యూటు చేసే ఆలస్యం కూడా అందులో కలిసి ఉంటుంది.

పై స్పీకర్లకు క్రాసోవరు (ఏ హద్దు కిందున్న బేస్ సబ్‌వూఫరుకు పోవాలో చెప్పే సెట్టింగు) 100 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. "ఫుల్ బ్యాండ్" లేదా "లార్జ్" అని చూపిస్తే తప్పక మార్చండి. బేస్ సంగతి సబ్‌వూఫరు చూసుకుంటుంది. సీలింగు ఊగకుండా ఉంటుంది.

9. పని సరిగ్గా జరిగిందా? ఇలా చూడండి

రిసీవరులో టెస్ట్ టోన్ పెట్టి, కళ్లు మూసుకుని మధ్య సీట్లో కూర్చోండి. ఒక్కో టోన్ ఎటునుంచి వస్తోందో చేత్తో చూపించండి, పక్కనున్నవాళ్లు రాసుకోవాలి. కుడి ఎడమలు తిరగబడితే ఇక్కడే దొరికిపోతాయి. అన్ని టోన్లూ దాదాపు ఒకే గట్టితనంలో ఉండాలి. ఫోన్లో డెసిబెల్ యాప్ వాడొచ్చు. దాని అంకె కచ్చితం కాకపోయినా, ఒకదానితో ఒకటి పోల్చడానికి సరిపోతుంది.

తర్వాత గరగరల వేట. దీనికి ఒక సాయంత్రం కేటాయించండి. 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే స్వీప్ టోన్‌ను తక్కువ సౌండుతో పెట్టి, గది అంతా తిరగండి. ఎక్కడో ఒకచోట జిర్రుమంటుంది. నిందపడేది స్పీకరు మీదే, కానీ చాలాసార్లు దొంగ పక్కనే ఉన్న ఎల్‌ఈడీ లైటు. దాని రెండు స్ప్రింగు రెక్కలు బోర్డు మీద తాళం వేస్తుంటాయి. టోన్ మోగుతుండగా లైటును వేలితో నొక్కి పట్టండి. శబ్దం ఆగితే కారణం అదే, స్ప్రింగు కింద చిన్న స్పాంజి ముక్క పెట్టండి. లైటు కాకపోతే జాలీని నొక్కండి, తర్వాత బోర్డును. బోర్డు నొక్కితే ఆగుతోందంటే ఛానెలు స్క్రూ వదులైంది. లోపల వదిలిన వైరు చుట్ట కూడా బోర్డు మీద కొట్టుకుంటుంది, దాన్ని ట్యాగుతో ఛానెలుకు కట్టేయండి.

ఏమీ మోగకపోయినా జుమ్‌మని హోరు వస్తుంటే, టీవీకి వచ్చే కేబుల్ కనెక్షను వైరు ఒకసారి పీకి చూడండి. హోరు ఆగితే ఎర్తింగ్ సమస్య, ఎలక్ట్రీషియనును పిలవండి. ఇన్వర్టరు మీద నడిచేటప్పుడే హోరుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు అయి ఉంటుంది. దాని మీద రిసీవరు నడపకండి.

ఇక అట్మాస్ నిజంగా వస్తోందా? రిసీవరు తెర మీద "డాల్బీ అట్మాస్" అని కనపడాలి. "డాల్బీ సరౌండ్" అని ఉంటే మామూలు శబ్దాన్నే రిసీవరు పైకి పంచుతోంది. నెట్‌ఫ్లిక్స్‌లో అట్మాస్ ప్రీమియం ప్లానుకే ఉంది. టీవీ యాప్ నుంచి రావాలంటే హెచ్‌డీఎంఐలో ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ పోర్టుకే కలపాలి. టీవీ సౌండు సెట్టింగులో పీసీఎం అని ఉంటే పాస్‌త్రూ లేదా ఆటోకు మార్చండి. "స్పీకర్లు పాడయ్యాయి" అని వచ్చే ఫోన్లలో చాలావాటికి మందు ఈ ఒక్క సెట్టింగే. అట్మాస్‌లోనైనా పై స్పీకర్లు అస్తమానూ మోగుతూ ఉండవు. మాటల సీన్లో జాలీ దగ్గర చెవి పెట్టి ఏమీ వినపడటం లేదని సౌండు పెంచేయకండి.

వాడకంలో రెండు జాగ్రత్తలు

మన వైపు పిడుగులు బాగా ఎక్కువ. ఒడిశా ప్రభుత్వం 2015లో పిడుగుపాటును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. ఉరుములు మొదలవగానే రిసీవరు ప్లగ్గు, కేబులు, ఇంటర్నెట్ వైరు మూడూ పీకేయండి. స్విచ్చి ఆపితే సరిపోదు.

మొదటి పెద్ద వాన వెలిసిన మర్నాడు ఒక్కో జాలీ తీసి, టార్చి వేసి చూడండి. కోను మీద గానీ కన్నం అంచున గానీ పసుపు మరక కనిపించినా, బోర్డు వేలికి మెత్తగా తగిలినా స్పీకరు దించి పొడి చోట పెట్టి, ముందు డాబా చూపించుకోండి.